కంప్యూటర్ కబుర్లు: పదకొండు దగ్గర ఆగిన బండి

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి అమ్మను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాలి. రాత్రి భోజనాలయ్యాక అడిగింది: "ఒరేయ్, మీ నాన్న వీడియోలు ఇస్తానన్నావుగా, ఏవీ?"

మొత్తం ముప్ఫై మినీ డీవీ టేపులు. 2003లో వాళ్ళిద్దరూ మొదటిసారి న్యూజెర్సీ వచ్చినప్పటి నుంచి తీసినవి. ఎప్పుడో ఓపిక చేసుకుని అన్నీ బేస్‌మెంట్‌లోని పాత డెస్క్‌టాప్‌లోకి ఎక్కించాను. గంట టేపుకు సుమారు 13 గిగాబైట్లు, అంతా కలిపి 400కు దగ్గర. నాన్న పోయి నాలుగేళ్ళు. ఆయన గొంతు మాకు మిగిలింది అందులోనే.

పాత పెట్టెకు ఉన్నది యూఎస్‌బీ 2.0. దానికన్నా నెట్‌వర్క్ మేలనుకుని, మేడ మీది కొత్త కంప్యూటర్‌కు హార్డ్‌డిస్క్ తగిలించి కాపీ మొదలుపెట్టాను. ఇంకా పది గంటలు పడుతుందని తెర మీద వచ్చింది! అప్పటికే రాత్రి పది.

యాంటీవైరస్‌ను తిట్టాను. రౌటర్‌ను రెండుసార్లు ఆపి పెట్టాను. మా ఆవిడ "పోస్టులో పంపిద్దాం లెండి" అంది. అప్పుడు మా అమ్మాయి వెనక నుంచి తొంగిచూసి, "నాన్నా, ఎప్పుడు చూసినా పదకొండే ఉందేంటి?" అంది.

పిల్లలూ, అసలు సంగతి ఆ ప్రశ్నలోనే ఉంది. యాంటీవైరస్ అడ్డుపడితే అంకె సాధారణంగా పైకీ కిందకీ ఊగుతుంది. సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర గీత గీసినట్టు నిలబడిందంటే, దారిలో ఎక్కడో 100 మెగాబిట్ల కనెక్షన్ ఉందని అనుమానించాలి. నెట్‌వర్క్ వేగం బిట్లలో చెబుతారు, ఫైళ్ళ సైజు బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అందులో కొంత చిరునామాలకూ లెక్కలకూ పోగా మిగిలేది పదకొండు చిల్లర.

పాత డెస్క్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూస్తే నిజంగానే 100. ఉండాల్సింది 1000. బల్ల కిందకు దూరితే దొంగ దొరికాడు. నా కుర్చీ చక్రం కింద నలిగి చదునైపోయిన కేబుల్! అందులో ఎనిమిది వైర్లు, అంటే నాలుగు జతలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, 100కు రెండు చాలు. ఒక వైరు తెగినా చాలా యంత్రాలు పని ఆపవు, చడీచప్పుడు లేకుండా 100కు దిగిపోతాయి. అందుకే ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఈమెయిల్ చూసుకోవడానికి ఆ వేగం బోలెడు.

రౌటర్ పెట్టెలో వచ్చిన కొత్త కేబుల్ వాడకుండా పడి ఉంది. అది తగిలించగానే అంకె ఎనభైకి ఎగిరింది. కేబుల్ వందకు పైగా మోయగలదు కానీ, పాత డిస్క్ ఓపిక అంతే. మిగిలింది గంటన్నర పని.

మొదటి టేపు రాగానే అమ్మ చూస్తానంది. కాపీ మధ్యలో వీడియో పెడితే వేగం తగ్గుతుందని తెలిసీ వద్దనలేదు. తెర మీద నాన్న కెమెరాలోకి వంగి అడుగుతున్నారు: "స్విచ్చి నొక్కావుట్రా?"