ఎలుకలకు పట్టించిన రసం



కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెయిన్ రోడ్డు మీద జ్యూస్ సెంటర్లకు కొదవ లేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986లో జాంబాగ్ నుంచి ఇక్కడికి వచ్చింది. 2021లో బాటసింగారం తరలిపోయేదాకా నగరానికి బత్తాయి, మామిడి, దానిమ్మ ఇక్కడి నుంచే వెళ్లేవి. మార్కెట్ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. లారీలు పోయాయి గానీ ఈ చుట్టుపక్కల వాళ్లకు జ్యూస్ అలవాటు పోలేదు. దాహం తీరుతుందని తాగితే ఎవరికీ పేచీ లేదు. ఇప్పుడు అదే గ్లాసును ‘లివర్ డీటాక్స్’ అంటున్నారు. యాంటీ ఆక్సిడెంట్లున్న రసం మందుల నుంచి, మద్యం నుంచి, రసాయనాల నుంచి కాలేయాన్ని కాపాడుతుందని వాట్సాప్ సందేశాలు, వాటి వెనకే పత్రికల ఆరోగ్య శీర్షికలు చెబుతున్నాయి. అభ్యంతరం అక్కడే.

ఈ మాట వెనక పరిశోధన లేకపోతే కొట్టిపారేయడం తేలిక. పరిశోధన ఉంది. దానిమ్మ, ఉసిరి, ద్రాక్ష, నోని రసాల మీద ప్రయోగాలు జరిగాయి. వాటిలో చాలావాటి పద్ధతి ఒకటే. ఎలుకలకు కొన్ని రోజులపాటు రసం పట్టిస్తారు. తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇస్తారు. ఆ ద్రవం కాలేయంలో విరిగి, కణాల పైపొరల్లోని కొవ్వును కాల్చేసే ఫ్రీ రాడికల్‌గా మారుతుంది. రసం తాగిన ఎలుకల రక్తంలో కాలేయ ఎంజైములు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ తక్కువ పెరిగితే రసం రక్షించినట్టు లెక్క. లెక్క తప్పు కాదు. కానీ కార్బన్ టెట్రాక్లోరైడ్ ఒకప్పుడు మంటలార్పే పరికరాల్లో, డ్రై క్లీనింగ్‌లో వాడిన ద్రవం. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని పక్కన పెట్టేశారు. ఈ రోజు కొత్తపేటలో ఎవరి ఒంట్లోకీ అది వెళ్లే దారి దాదాపు లేదు. పైగా ఎలుకకు విషం రాకముందే రసం అందింది. దొంగ వచ్చే రాత్రి ముందే తెలిసి గడియ పెట్టుకున్నట్టు. ఆ సౌకర్యం మనిషికి ఎక్కడిది?

యాంటీ ఆక్సిడెంట్ ఆలోచనే వట్టిదని కూడా ఈ లేఖ ఉద్దేశం కాదు. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయంలో ఒక విష పదార్థం పుడుతుంది. దాన్ని అణచే గ్లూటాథయోన్ నిల్వ కరిగిపోతుంది. ఆ నిల్వను మళ్లీ నింపే మందు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్‌ను, పారాసెటమాల్ మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే చాలావరకు కాలేయం దక్కుతుంది. అది పనిచేసేది ఏ విషానికి, ఎంత మోతాదులో, ఎంతసేపట్లో అన్నది తెలుసు గనక. రోడ్డు పక్క దానిమ్మ రసానికి ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు.

మొక్కల మందు మనుషుల దాకా వచ్చినప్పుడు ఏమైందో చెప్పే ఉదాహరణ మన పక్కనే ఉంది. పచ్చకామెర్లకు నేల ఉసిరి పసరు పోయించడం తెలుగు ఊళ్లలో పాత అలవాటే. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారికి నేల ఉసిరి పొడి ఇచ్చి, ఫలితాన్ని ‘లాన్సెట్’లో ప్రచురించారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఇటు చూసింది. తర్వాత ఇతరులు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. పసరుకు పేరెలా వచ్చిందంటారా? హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. తగ్గే వేళకు చేతిలో ఉన్నది పసరు.

‘సహజం కదా, నష్టం ఏముంది’ అనేవారూ ఉంటారు. కోవిడ్ కాలంలో ఇంటింటా కాచుకున్న తిప్పతీగ కషాయాన్ని తలుచుకుంటే చాలు. 2021లో ముంబయి వైద్యులు అది తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది 13 ఆసుపత్రుల నుంచి 43 మంది లెక్క వచ్చింది. వాడింది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ శాఖ మొదట అడిగింది, ఆ ప్రశ్న అడగాల్సిందే. కాలేయానికి మంచిదని అమ్మే నోని రసం విషయంలోనూ 2005లో ఆస్ట్రియా వైద్యులు ఇలాంటి కేసులే రాశారు. కారణం రసమేనని రుజువు కాలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ తర్వాత తేల్చింది. న్యాయమే. అయితే మేలు విషయంలోనూ అంత గట్టి రుజువే అడగాలి.

ఇక చక్కెర. పావు లీటరు దానిమ్మ రసంలో పైన ఏమీ కలపకుండానే 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. అందులో ఫ్రక్టోజ్ భాగం ఎక్కువగా కాలేయానికే చేరుతుంది, మితిమీరితే అక్కడే కొవ్వవుతుంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన అధ్యయనం 2025లో వెలువడింది. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. దానికి జ్యూసే కారణమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. గంటల తరబడి కూర్చునే పని, నిద్ర, తిండి అన్నీ ఉన్నాయి. కానీ ఇలాంటి ఊళ్లో చక్కెర గ్లాసును లివర్ మందని అమ్మడం మాత్రం విడ్డూరం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు సైతం రసం కన్నా పండే మేలంటున్నాయి.

కాలేయాన్ని నిజంగా దెబ్బతీసే రసాయనాలు మన మధ్య లేవా? ఉన్నాయి. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు. మన దేశంలో మందుల వల్ల కాలేయం చెడే కేసుల్లో ముందువరసలో ఉండేవి టీబీ మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్. అవి వాడే మనిషికి వాంతులైనా, కళ్లు పచ్చబడినా ఆ పూటే డాక్టరుకు చెప్పాలి. ‘రోజూ జ్యూస్ తాగుతున్నాం కదా’ అని వారం ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. మూసిన గదిలో పెయింటు, థిన్నర్ వాసన మధ్య పనిచేసే కుర్రాళ్లకు కావలసింది తెరిచిన కిటికీ, సరైన మాస్కు. మేస్త్రీ వాటికి బదులు బత్తాయి రసం ఇప్పిస్తే దాన్ని దయ అనలేం.

చట్టానికి లోటు లేదు. ఆహార పదార్థం జబ్బును నివారిస్తుందని, నయం చేస్తుందని ఇష్టం వచ్చినట్టు చెప్పుకోకుండా 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఉన్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. బండి మీద బత్తాయిలు పిండుకునేవాడి మీద దాన్ని ప్రయోగించమని ఎవరూ కోరరు. సీసాల్లో నింపి, డాక్టర్ కోటు బొమ్మ వేసి, వేల రూపాయలకు అమ్మేవారి మీద ప్రయోగించాలి.

పత్రికలకు విన్నపం ఒక్కటే. ఫలానా పండు రసం కాలేయాన్ని కాపాడుతుందని వార్త వచ్చినప్పుడు, ప్రయోగం ఎలుకల మీదా మనుషుల మీదా, ఇచ్చిన విషమేమిటి, రసం దానికి ముందిచ్చారా తర్వాతా అన్నది ఆ వార్తలోనే రాయండి. మూడు లైన్లకు మించి చోటు పట్టదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొత్తపేట, హైదరాబాద్