సాక్ష్యం చెప్పాలన్నా సభ సెలవివ్వాలి!

మా ఆడపడుచు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. నాలుగేళ్ళ కిందట తనకి కోర్టునుంచి సమన్లొచ్చాయి, ఫలానా ఫైలు తీసుకుని సాక్ష్యానికి రమ్మని. కేసు తన మీద కాదు, తప్పూ తనది కాదు. అయినా ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "కోర్టేమో తెమ్మంటోంది, పైవాళ్ళేమో ఆగమంటున్నారు. మధ్యలో నలిగేది నేనేగా వదినా!" అంది.

రాజ్య వ్యవహారాలకి సంబంధించి ప్రచురణ కాని రికార్డులనుంచి సాక్ష్యం ఇవ్వాలంటే శాఖాధిపతి అనుమతి కావాలి. పాత సాక్ష్య చట్టంలో అది 123వ సెక్షను. 2024 జులై నుంచి అమలవుతున్న కొత్త చట్టంలో 129.

చట్టసభల సిబ్బందికైతే అనుమతి ఇవ్వాల్సింది పై అధికారి కాదు, సభే! సభలో, సంఘాల్లో జరిగిన సంగతుల మీద సభ్యులుగానీ అధికారులుగానీ కోర్టులో నోరు విప్పాలంటే ముందు సభ అనుమతి ఉండాలని సభాహక్కుల సంఘం ఇచ్చిన నివేదికని మన లోక్‌సభ 1957లోనే ఆమోదించింది. సభ జరగని రోజుల్లో అత్యవసరమైతే స్పీకరు ఇవ్వొచ్చు, తర్వాత సభకి తెలియజెయ్యాలి.

అమెరికా సెనేట్‌లోనూ ఇదే పద్ధతి. 2021 జనవరి 6న అల్లరిమూక వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలోకి చొరబడినప్పుడు, అధ్యక్ష ఎన్నికల ఓట్ల పత్రాలున్న చెక్కపెట్టెల్ని సెనేట్ సిబ్బంది భద్రంగా పట్టుకుపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళున్నారు. సభా నిబంధనలు చెప్పే పార్లమెంటేరియన్ ఎలిజబెత్ మెక్‌డొనో కూడా స్త్రీయే. 2012లో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ. ఆ పెట్టెలే పోయుంటే ఆ రోజు ఏమయ్యేదో!

తర్వాత కేసులు నడిచాయి. లోపల జరిగింది కళ్ళారా చూసినవాళ్ళు చెబితేనేగా జ్యూరీకి తెలిసేది? కానీ సెనేట్ అధీనంలో ఉన్న సాక్ష్యమేదీ సెనేట్ అనుమతి లేకుండా బయటికి పోకూడదు. అందుకని సిబ్బంది సాక్ష్యానికి సెనేట్ తీర్మానాలు చేసి ఒప్పుకుంది. 2022 మార్చిలో జరిగిన మొదటి జ్యూరీ విచారణలో, సెనేట్ కార్యదర్శికి న్యాయ సలహాదారుగా పనిచేసిన డేనియల్ ష్వేగర్ బోనెక్కారు. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సుమారు పదిహేనువందల మందికి క్షమాభిక్ష పెట్టేశారు, అది వేరే సంగతి. చెప్పిన సాక్ష్యం మాత్రం రికార్డుల్లోనే ఉంది.

నోరు విప్పటానికి ఒకరి సెలవేమిటి, మళ్ళీ అత్తగారి పెత్తనమేనా అనిపించింది మొదట నాకు. ఆలోచిస్తే అదొక్కటే కాదు. ఈ కట్టడి లేకపోతే ప్రతి కక్షిదారూ ఓ గుమాస్తాని బోనులోకి లాగి, మీ సెనేటరు గదిలో ఏమన్నాడని గుచ్చిగుచ్చి అడగొచ్చు. అందుకే ఆ తీర్మానాల్లో సభాహక్కుల కిందికొచ్చే విషయాలు తప్ప మిగిలినవి చెప్పొచ్చని రాస్తారు.

నాకు నచ్చింది ఇంకొకటుంది. ఆ తీర్మానంలోనే, సాక్షి తరఫున సెనేట్ న్యాయవాది నిలబడాలని కూడా రాస్తారు. 1978లో చేసిన చట్టంతో ఏర్పడిన పదవి అది. అంటే, వెళ్ళి చెప్పు అని చేతులు దులుపుకోవటం కాదు, పక్కన మనిషినీ ఇస్తున్నారన్నమాట. అనుమతి గురించి మన దగ్గర ఇంత చర్చ ఉంది. ఆ చిన్న ఉద్యోగి పక్కన ఎవరు నిలబడతారన్న మాట మాత్రం ఎక్కడా గట్టిగా వినబడదు.

మా ఆడపడుచుకి అనుమతి కాగితం వాయిదాకి ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. తెల్లారి కోర్టుకి మావారిని తోడు తీసుకెళ్ళింది.