కషాయాలకు కరగని కొవ్వు

రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉందని రిపోర్టు వస్తే చాలు, మనవాళ్ళకు రెండు రకాల గురువులు దొరుకుతారు. మొదటి రకం గురువు వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, యాపిల్ సైడర్ వెనిగర్, తేనె కలిపి కాచి రోజూ పరగడుపున తాగమంటాడు. గుండె రక్తనాళాల్లో పేరుకున్న పూడికలన్నీ కరిగి కొట్టుకుపోతాయట! రెండో రకం గురువు ఇంకా ధైర్యస్తుడు. అసలు కొలెస్టరాల్ అనేది మందుల కంపెనీలు పుట్టించిన బూచి అంటాడు. నెయ్యి, కొబ్బరినూనె గిన్నెలకొద్దీ తాగినా ఏమీ కాదంటాడు. మాత్రలు చెత్తబుట్టలో పారెయ్యమంటాడు.

వీళ్ళిద్దరి సిద్ధాంతాలకూ పొంతన లేదు. ఒకడు కొవ్వు కరిగిస్తానంటాడు, ఇంకొకడు కొవ్వు తాగమంటాడు. కాని ఇద్దరిలోనూ ఒక పోలిక ఉంది. రెండు నెలల తరవాత మళ్ళీ రక్తపరీక్ష చేయించుకుని పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి అని ఇద్దరిలో ఎవడూ గట్టిగా చెప్పడు.

విభూతి రాల్చే బాబాను చూసి నవ్వే మనం ఈ గురువుల దగ్గర మాత్రం ఎందుకో మెత్తబడిపోతాం. వీళ్ళు దేవుడి పేరు ఎత్తరు కదా. ప్రకృతి అంటారు, పూర్వీకులు అంటారు, మన వంటిల్లే వైద్యశాల అంటారు. అవి మూఢనమ్మకాల్లా వినిపించవు. అందుకే నాస్తికుల ఇళ్ళలో కూడా కషాయం కాగుతోంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తిండి మారిస్తే కొలెస్టరాల్ తగ్గుతుంది, అది నిజం. ఏ తిండివల్ల తగ్గుతుందో, ఎంత తగ్గుతుందో, ఎవరికి అది చాలదో కూడా కొలిచి చూశారు. ఆ కొలతకు మించి ఎవరు ఏం చెప్పినా అది మహిమల ఖాతాలోకే వెళ్తుంది. మహిమలను మనం ఎలా పరీక్షకు పెడతామో దాన్నీ అలాగే పెట్టాలి.

కొలెస్టరాల్ బూచి కాదు

ముందు రెండో గురువు సంగతి చూద్దాం. కొలెస్టరాల్ శరీరానికి అవసరమైన పదార్థమే. చాలావరకు శరీరమే దాన్ని తయారుచేసుకుంటుంది. అది రక్తంలో కొన్ని రేణువుల మీద ఎక్కి ప్రయాణం చేస్తుంది. వాటిలో ఎల్‌డీఎల్ అనే రకం ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోకి చొరబడి అక్కడ పేరుకుంటుంది.

ఇది నిన్న మొన్న కంపెనీలు అల్లిన కథ కాదు. 1913లోనే రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్టరాల్ తినిపించి, వాటి రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం చూపించాడు. కుందేలు గడ్డి తినే జంతువు, దానికి జరిగింది మనిషికి ఎలా వర్తిస్తుంది అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అందుకే శాస్త్రం అక్కడితో ఆగలేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 1948 నుంచి వేలమందిని ఏళ్ళ తరబడి గమనించారు. కొలెస్టరాల్ ఎక్కువున్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని తేలింది. కణాలు ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి ఎలా లాక్కుంటాయో కనిపెట్టిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకా అనుమానం ఉన్నవారికి 2006లో వచ్చిన ఒక ఫలితం చెబుతాను. కొంతమందికి పుట్టుకతోనే పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచెయ్యదు. దానివల్ల వాళ్ళకు ఎల్‌డీఎల్ జీవితాంతం తక్కువగా ఉంటుంది. అమెరికాలోని నల్లజాతివారిలో ఇలాంటివారిని పరిశీలిస్తే, ఎల్‌డీఎల్ మిగతావారికన్నా 28 శాతం తక్కువ ఉంది. గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ వచ్చింది. ఆ తేడా ఏ కంపెనీ మాత్ర తెచ్చిందీ కాదు, తల్లిదండ్రులనుంచి వచ్చింది. ఇందులో కుట్ర ఎవరిదో రెండో గురువు చెప్పాలి.

కొబ్బరినూనె మాటకొస్తే, 16 ప్రయోగాల ఫలితాలను కలిపి 2020లో లెక్కగట్టారు. మామూలు గింజల నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ను డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది. "మంచి కొలెస్టరాల్ కూడా పెరిగింది కదా" అంటారు. నిజమే, హెచ్‌డీఎల్ కొంచెం పెరిగింది. కాని హెచ్‌డీఎల్ అంకె పెరిగినంత మాత్రాన గుండెకు మేలు జరుగుతుందన్న ఆశ పరీక్షలో నిలబడలేదు. దాన్ని 72 శాతం పెంచిన టోర్సెట్రాపిబ్ అనే మందు వాడినవారిలో చావులు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో ఆ ప్రయోగాన్నే ఆపేశారు. ఆ మందు ఒక పెద్ద కంపెనీదే. కంపెనీదైనా ఓడిపోయింది. పరీక్ష అంటే అదీ.

వెల్లుల్లికి పరీక్ష పెడితే

ఇప్పుడు మొదటి గురువు. వెల్లుల్లికి ఎవరూ పరీక్ష పెట్టలేదనుకోకండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2007లో ఫలితాలు ప్రకటించింది. ఎల్‌డీఎల్ ఓ మోస్తరు ఎక్కువున్న 192 మందిని తీసుకుని కొందరికి పచ్చి వెల్లుల్లి, కొందరికి రెండు రకాల వెల్లుల్లి బిళ్ళలు, కొందరికి ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చారు. వారానికి 6 రోజుల చొప్పున 6 నెలలు. ఎల్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

2022లో మరో పరీక్ష వచ్చింది. 190 మంది, 28 రోజులు. ఒక జట్టుకు రోజుకు 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, ఒక జట్టుకు ఉత్తుత్తి బిళ్ళ, మిగతా జట్లకు చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, ఎర్ర ఈస్టు బియ్యం బిళ్ళలు. మాత్ర వేసుకున్నవారికి ఎల్‌డీఎల్ సుమారు 38 శాతం తగ్గింది. మిగతా ఆరింటిలో ఒక్కటి కూడా ఉత్తుత్తి బిళ్ళను మించి తగ్గించలేదు. వెల్లుల్లి జట్టులో అయితే అంకె కొంచెం పెరిగింది కూడా. ఈ పరీక్షకు డబ్బు పెట్టింది రోసువాస్టాటిన్ అమ్మే ఆస్ట్రాజెనెకా కంపెనీయే. ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు. అనుమానించండి. కాని స్టాన్‌ఫర్డ్‌లో వెల్లుల్లికి పరీక్ష పెట్టినప్పుడు అక్కడ పోటీకి స్టాటిన్ లేనేలేదు. వెల్లుల్లి ఒంటరిగానే ఓడింది.

"మా బావగారికి తగ్గింది కదా" అంటారు. తగ్గే ఉంటుంది. ఎవరైనా కషాయం ఎప్పుడు మొదలుపెడతారు? అంకె బాగా పెరిగినప్పుడు. కొలెస్టరాల్ అంకె నెలనెలకూ కొంత ఊగిసలాడుతూనే ఉంటుంది. ఊగి పైకెళ్ళినది, ఏమీ చెయ్యకపోయినా, తరవాతి పరీక్షలో కొంత కిందికి రావడమే మామూలు. పైగా భయపడ్డ మనిషి కషాయంతోపాటు పొద్దున్నే నడక మొదలుపెడతాడు, సాయంత్రం మిర్చిబజ్జీలు మానేస్తాడు. చాలామంది డాక్టరిచ్చిన మాత్ర కూడా గుట్టుగా మింగుతూనే ఉంటారు. పేరు మాత్రం కషాయానికి వస్తుంది. మొక్కు తీర్చుకున్నాక జ్వరం తగ్గినట్టే ఇదీ.

ప్రకృతి పేరుతో

"మాత్ర రసాయనం, మాది ప్రకృతి" అనేది ఇద్దరు గురువుల ఉమ్మడి ఆయుధం. స్టాటిన్ ఎక్కడ పుట్టింది? జపాన్‌లో అకిరా ఎండో 1970లలో వేల బూజులను గాలించి, పెనిసిలియం జాతి బూజులో మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నాడు. ఎర్ర ఈస్టు బియ్యంలో ఉండే మొనాకొలిన్-కె అనేదీ, 1987లో అమెరికాలో మందుగా అనుమతి పొందిన లోవాస్టాటిన్ అనేదీ ఒకటే అణువు. తేడా ఏమిటంటే మాత్రలో ఎంత ఉందో అట్టమీద రాసి ఉంటుంది. "సహజ" బిళ్ళలో ఎంత ఉందో, ఇంకేమి కలిసిందో కొన్నవాడికి తెలియదు.

జపాన్‌లోనే 2024లో ఆ ముచ్చటా తీరింది. కొలెస్టరాల్ తగ్గిస్తుందని కొబయాషీ కంపెనీ అమ్మిన ఎర్ర ఈస్టు బియ్యం బిళ్ళలు వాడినవారికి మూత్రపిండాలు దెబ్బతినడంతో మార్చి నెలలో వాటిని బజారునుంచి వెనక్కి తీసుకున్నారు. ప్రకృతికి మనమీద ప్రేమా లేదు, పగా లేదు. గన్నేరుపప్పు కూడా ప్రకృతే.

మన దేశంలో చట్టం లేక ఇదంతా జరగడం లేదు. మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం 1954 నుంచి ఉంది. దాని జాబితాలో గుండెజబ్బులు, రక్తనాళాలు గట్టిపడటం కూడా ఉన్నాయి. వాటిని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదు. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 2022లో సుప్రీం కోర్టుకు వెళ్తే, 2024 ఏప్రిల్‌లో పతంజలి సంస్థ పత్రికల్లో క్షమాపణ వేసుకోవలసి వచ్చింది. సుప్రీం కోర్టు దాకా వెళ్తే తప్ప కదలని చట్టం ఊరూరా తిరిగే గురువులను ఏం చేస్తుంది?

తిండి చేసే పని, కొలతతో సహా

మరి తిండి ఏం చేస్తుంది? చాలా చేస్తుంది, కాని అందులో రహస్యం ఏమీ లేదు. అందుకే గురువులకు అది పనికిరాదు.

మొదటిది, కొవ్వు రకం మార్చడం. ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచేది తిండిలోని కొలెస్టరాల్ కాదు, సంతృప్త కొవ్వు. కొబ్బరినూనెలో అది 80 శాతానికి పైనే. నెయ్యిలో 60 శాతం దాకా, పామాయిల్‌లో 40 నుంచి 50 శాతం ఉంటుంది. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు నూనెల్లో 20 శాతం లోపే. ఇప్పుడు నూనె డబ్బాలమీద "కొలెస్టరాల్ లేదు" అన్న ముద్ర చూడండి. మొక్కలనుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కించదగ్గ కొలెస్టరాల్ ఉండదు. ఉప్పు పొట్లం మీద "ఇందులో ఎముకలు లేవు" అని రాసుకున్నట్టుంది ఆ ముద్ర. కొబ్బరినూనెలోనూ కొలెస్టరాల్ లేదు, వనస్పతిలోనూ లేదు. అయినా రెండూ మన రక్తంలో పెంచుతాయి. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు ఇంకా చెడ్డది. 2022 జనవరినుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది.

రెండోది, నీళ్ళలో జిగురుగా మారే పీచు. ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్, పప్పులు, శనగలు, బొబ్బర్లు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు కడుపులోకి వెళ్తే ఎల్‌డీఎల్ 5 శాతం పైచిలుకు తగ్గుతుంది. అందుకు రోజూ పెద్ద గిన్నెడు ఓట్స్ తినాలి, నెలకోసారి కాదు.

అన్నీ కలిపితే? కెనడాలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం 2003లో చేసి చూపింది. ఓట్స్, బార్లీ, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్, మన బెండకాయ, వంకాయ కూడా అందులో ఉన్నాయి. భోజనం వాళ్ళే ఇచ్చి 4 వారాలు తినిపిస్తే ఎల్‌డీఎల్ దాదాపు 29 శాతం తగ్గింది. 2011లో అదే బృందం సలహా మాత్రం ఇచ్చి, ఇంట్లో ఎవరి వంట వాళ్ళను చేసుకోమంది. 6 నెలలకు తగ్గింది 13 శాతం పైచిలుకు. ఈ రెండు అంకెలనూ గుర్తుపెట్టుకోండి. తిండి శక్తి ఎంతో, ఇంట్లో మనం పాటించగలిగేది ఎంతో ఆ రెండే చెబుతాయి. వంకాయ మంచిది కదా అని నూనెలో ఈదే గుత్తివంకాయ చేసుకుంటే ఆ 13 కూడా రాదు.

మనకు ఇంకో చిక్కు ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో దేశంలో మూడింట రెండు వంతుల మందికి హెచ్‌డీఎల్ తక్కువగా, దాదాపు మూడో వంతుకు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మాంసం ముట్టనివారు కూడా దీనికి అతీతులు కారు. కంచంలో కొండలా అన్నం, పక్కన చారెడు కూర, తరవాత తియ్యటి టీ సాగుతుంటే ట్రైగ్లిజరైడ్లు తగ్గవు. శాకాహారం పుణ్యమో కాదో నాకు అనవసరం. అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచారా అన్నదే ప్రశ్న.

చాలని చోట

సుమారు 250, 300 మందిలో ఒకరికి ఎల్‌డీఎల్ వంశపారంపర్యంగా చాలా ఎక్కువ ఉంటుంది. 190 దాటినవారికి తిండి మార్పు ఒక్కటే చాలదు. గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేయించుకున్నవారికి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో చెప్పింది. 140 ఉన్న మనిషి దాన్ని ఓట్స్‌తో 55కి దించలేడు. 1994లో వెలువడిన స్కాండినేవియా ప్రయోగంలో 4,444 మంది గుండెజబ్బు మనుషులను రెండు సగాలు చేశారు. అయిదేళ్ళ పైచిలుకులో ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవారిలో 256 మంది, సింవాస్టాటిన్ వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. దీనికీ కంపెనీ డబ్బే పెట్టింది. కాని ఇక్కడ లెక్కపెట్టింది శవాలను.

స్టాటిన్లకు దుష్ఫలితాలు లేవని నేననను. కొద్దిమందికి కండరాలు నిజంగానే దెబ్బతింటాయి, కొందరికి చక్కెర కొంచెం పెరుగుతుంది. అయితే ఒళ్ళునొప్పులని మాత్ర మానేసిన 60 మందికి ఒక నెల స్టాటిన్, ఒక నెల ఉత్తుత్తి బిళ్ళ, ఒక నెల ఏమీ ఇవ్వకుండా మార్చిమార్చి ఏడాదిపాటు పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం, స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి బిళ్ళతోనూ వచ్చాయి. నొప్పి అబద్ధం కాదు, కారణం మాత్రం మాత్ర కాదు, భయం. ఆ భయాన్ని పంచిపెట్టినవారే తరవాత కషాయం అమ్ముతారు. వాళ్ళ మాట విని మాత్ర మానేసినవాడు పోతే "ఆయువు తీరింది" అంటారు. ఆ లెక్క ఏ గురువు ఖాతాలోనూ పడదు.

అబ్రహాం కోవూర్ 1963లో మహిమలు చూపినవారికి లక్ష రూపాయలిస్తానని సవాలు విసిరాడు. మనకు లక్ష అక్కర్లేదు, కొన్ని వందలు చాలు. కషాయం మొదలుపెట్టేముందు ఒక రక్తపరీక్ష, మిగతా తిండీ మాత్రలూ నడకా ఏమీ మార్చకుండా ఎనిమిది వారాల తరవాత అదే లాబ్‌లో ఇంకొకటి. అలా పదిమంది చేసి అంకెలన్నీ, పెరిగినవాటితో సహా, బయట పెట్టమనండి. ఈసారి మీకు ఎవరైనా కషాయం చీటీ ఇస్తే, వాదించకండి. ఈ ఒక్క షరతు చెప్పి, రిపోర్టులు అడగండి.