బండి రాకపోతే ఉద్యోగం లేదా?

"టూవీలర్ తప్పనిసరి." ఉద్యోగ ప్రకటనలో ఈ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోతున్న అమ్మాయిలున్నారు. డిగ్రీ ఉంది, కంప్యూటర్ వచ్చు. ఫిట్స్ ఉన్నాయి కనుక బండి నడపకూడదు. "నీకెందుకమ్మా ఉద్యోగం, ఇంటిపట్టున ఉండు" అనేస్తారు పెద్దవాళ్లు.

ఆ పనికి బండి నిజంగా అవసరమా అని ముందు అడగండి. లెక్కలు రాసే ఆమెకు, బడిలో పాఠం చెప్పే ఆమెకు బండితో పనేముంది? వెళ్లిరావడమే సమస్యయితే ఆర్టీసీ బస్సుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి చాలా బస్సుల్లో మనకు ప్రయాణం ఉచితం. బస్సు దారి చూసుకుని ఉద్యోగం వెతకండి. నిద్ర చెడితే ఫిట్స్ రావచ్చు, నైట్ షిఫ్టులు వద్దు. ఎత్తులెక్కే పనులూ వద్దు.

సరైన వైద్యం అందితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా దాస్తాం. తీరా ఆఫీసులో ఫిట్స్ వస్తే పక్కసీటావిడ తాళాలగుత్తి కోసం పరిగెడుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మూడు మాటలూ నమ్మకమైన ఒక్కరికైనా ముందే చెప్పి ఉంచండి.

చెబితే తీసేస్తారేమోనన్న భయం ఉత్తదేం కాదు. అందుకే యజమానులకూ ఓ మాట. పెళ్లికి మూర్ఛ అడ్డన్న మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. కాపురానికి లేని అడ్డు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఎందుకండీ?