విమానముల రేడియోల మరమ్మతు

2025వ సంవత్సరము నవంబరు మాసమున ఢిల్లీ విమానాశ్రయ సమీపమున కొన్ని విమానములకు ఉపగ్రహ సంకేతముల స్థానమున మాయసంకేతములు చేరి, విమానమున్న చోటును మరియొక చోటుగా చూపిన సంగతి మా పాఠకులకు జ్ఞాపక ముండును. కేంద్రప్రభుత్వమువారు ఈ విషయమును పార్లమెంటులో అంగీకరించియున్నారు. అంతకు పూర్వము 2023 నవంబరు మొదలు 2025 ఫిబ్రవరి వరకు అమృతసర్, జమ్మూ ప్రాంతములలో ఇట్టివి 465 నమోదైనవని లోకసభలో వారే తెలిపిరి. ఈ మాయసంకేతములను పంపువా రెవరను ప్రశ్నను విచారించువారు విచారింతురు గాక. ఉపగ్రహము మాట నమ్మరానిదైన గడియలో వైమానికుడు దేనిని నమ్ముకొని నేలకు దిగవలెను? నేలపైనుండి పలుకు పాత రేడియో కేంద్రములను పూర్తిగా తీసివేయక కొంతమేర నిలిపియుంచితిమని అధికారులు చెప్పుచున్నారు. సంతోషమే. కాని నేలపై కేంద్రము పలికినంత మాత్రమున చాలదు. దాని పలుకును తప్పులేక వినగల రేడియో విమానములో నుండవలెను. ఆ రేడియోను ఎవరు పరీక్షించుచున్నారు, చెడినపుడు ఎవరు బాగుచేయుచున్నారు అను విషయమును గూర్చి దేశమున చర్చ దాదాపు శూన్యము.

పాత రేడియో యనగానే పాతసామానని తలంచుట పొరపాటు. దిక్కు తెలుపు రేడియో కేంద్రము, వి.ఓ.ఆర్. అని వాడుకలో చెప్పునది, 108 మొదలు 118 మెగాహెర్ట్జుల నడుమ పలుకును. అది సెకనుకు 30 మారులు ఊగెడు రెండు సంకేతములను పంపును. ఒకటి అన్ని దిక్కులకును ఒకే తీరున చేరును. రెండవది దిక్కు మారిన కొలది వెనుకబడును. కేంద్రమునకు సరిగా ఉత్తరమున నున్నవానికి రెండును కలిసివచ్చును, తూర్పుననున్న వానికి పావు చుట్టు తేడా యుండును. విమానములోని రేడియో ఆ తేడాను కొలిచి దిక్కు చెప్పును. రన్‌వే నడిమిగీతను చూపు యంత్రము 90, 150 అను రెండు స్వరముల బలాబలములను తూచి చూపును. ఇట్టి సున్నితమైన కొలత చేయు యంత్రము కాలక్రమమున కొలత తప్పుట సహజము. అందలి విడిభాగములు ముసలివగును, ఎండిపోవును, వేడికి మారును.

ఇంజను చెడునపుడు చప్పుడు మారును, చమురు కారును, వణకు పుట్టును, చోదకుడు పసిగట్టును. ఈ రేడియో యట్లు కాదు. ఆరు భాగలు తప్పినను ముల్లు నిశ్చలముగానే నిలుచును. కేంద్రమునకు అరువది నాటికల్ మైళ్ల దూరమున ఒక్క భాగ తప్పు ఒక్క మైలు తప్పగును. ఆరు భాగలనగా ఆరు మైళ్లు. కొండల నడుమ, మేఘములలో, రాత్రివేళ ఆరు మైళ్లనగా నేమో చెప్పనక్కరలేదు. అందుచేతనే అమెరికా దేశమున మేఘములలో యంత్రముల ఆధారముననే ప్రయాణించు విమానమునకు గడచిన 30 దినములలో ఈ రేడియోను పరీక్షించి యుండవలెనను నిబంధన కలదు. నేలపై నాలుగు భాగలు, గగనమున ఆరు భాగలు మించి తేడా యుండరాదు. పరీక్షించినవాడు తేదీ, స్థలము, తేడా వ్రాసి సంతకము చేయవలెను. ఉపగ్రహము వచ్చిన పిమ్మట ఆ ముల్లువంక చూచువారే తగ్గిరి. చూడని యంత్రము తప్పు చూపుచున్నట్లు తెలియుట ఎట్లు? అవసరము వచ్చిన నాడు తెలియును. ఆ దినమున తెలిసి ప్రయోజనమేమి?

మాటలాడు రేడియోల సంగతి కొంత వేరు. అవి చెడిన వెంటనే తెలియును. కాని చెడినది ఏది యను ప్రశ్నయే తరచు తప్పుదారి పట్టును. అనుభవజ్ఞులైన పనివారి నడుగుడు. చాలమారులు దోషము పెట్టెలో నుండదు, పెట్టె వెనుక ప్లగ్గులో, కేబులులో, పొట్టపైనో వీపుపైనో నున్న యాంటెన్నా మొదట నుండునని చెప్పుదురు. యాంటెన్నా అడుగున నీరు చేరును. కనెక్షను పిన్నులకు చిలుము పట్టును. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు గాలి ఇనుమునే తినివేయుచుండగా సన్నని రాగితీగె లెక్కయా? ఇది గ్రహింపనివారు రేడియోను ఊడదీసి దేశాంతరము పంపుదురు. అచ్చట బల్లపై పెట్టి చూచి, దోషమేమియు లేదని చీటి వ్రాసి, పరీక్షించినందుకు బిల్లుతో సహా తిప్పి పంపుదురు. ఈలోపల విమానము నేలపై నిలుచును. పెద్ద కంపెనీకి మారుపెట్టె యుండును. రెండు మూడు చిన్న విమానములతో పిల్లలకు చోదనము నేర్పు పాఠశాలకు ఉండదు. అచ్చట ఒక్క రేడియో మూగబోయిన, గంటల లెక్కన శిక్షణ పొందు విద్యార్థి వారములకొలది కూర్చుండవలెను. తలిదండ్రులు అప్పు చేసి కట్టిన రుసుము మాత్రము కూర్చుండదు.

మార్చవలసిన యంత్రమును మార్చవలదని మా వాదము కాదు. ఐరోపాలో మాటలాడు చానళ్లు చాలక, ఒక్క చానలును మూడుగా చీల్చిరి. 2018 జనవరి మొదలు దిగువ ఆకాశమునందలి చిన్న విమానములకు సైతము ఆ నియమము వచ్చి, వేలకొలది పాత రేడియోలు మూలబడినవి. అది అనివార్యము. విడిభాగమునే చేయుట మానివేసిన యంత్రమునకు ఎంత నేర్పరియైనను ప్రాణము పోయలేడు. మన దేశముననే మరియొక నిదర్శనము కలదు. 5జి టెలిఫోను తరంగములు నేలనుండి ఎత్తు కొలుచు రేడియోలకు అడ్డురాగలవన్న భయమున, 2022 నవంబరు 29వ తేదీన టెలికాం శాఖవారు రన్‌వే కొనలకు 2.1 కిలోమీటర్లు, నడిమిగీతకు ఇరుప్రక్కల 910 మీటర్ల మేర కొన్ని తరంగములలో 5జి స్తంభములు నిలుపరాదని ఆజ్ఞాపించిరి. విమానములలోని ఆ రేడియోలకు మంచి ఫిల్టర్లు మార్చువరకు ఈ నిషేధము చెల్లునని చెప్పిరి. అనగా విమానమందలి అరచేతి పరిమాణపు పరికరమును మార్చుటలోని ఆలస్యమునకు విమానాశ్రయము చుట్టునున్న పేటల జనులు మూల్యము చెల్లించిరన్నమాట. ఈ పని ఇంజనీర్ల సొంతగొడవ యని ఇక నెవరనగలరు?

మార్చుట యనునది పెట్టె తీసి పెట్టె పెట్టుటయు కాదు. 1998 సెప్టెంబరు 2వ తేదీన స్విస్ఎయిర్ 111 విమానము కెనడా తీరమున సముద్రమున గూలి 229 మంది మరణించిరి. నాలుగేండ్లకు పైగా విచారణ జరిపి, తీగెలలో పుట్టిన నిప్పురవ్వ అందుకు మూలమని తేల్చిరి. ప్రయాణికుల వినోదమునకై తరువాత అమర్చిన యంత్రపు తీగె అందులో నొకటి. దానికి విద్యుత్తు నిచ్చిన మార్గము సైతము సరియైనది కాదని తెలిసినది. అది రేడియో కాకపోవచ్చును. కాని క్రొత్త విద్యుద్యంత్రమును పాత విమానములో చేర్చు ప్రతి పనివానికి ఇది పాఠము. కావున ఈ పని చేయువానికి లైసెన్సు కావలెను. మన నిబంధనలలో దానిని బి2 తరగతి యందురు. ఇంజను పనివానికి గల గౌరవము ఈ తీగెలపనివానికి సమాజమున లేకపోవుట శోచనీయము.

ఇక ఈ పని ఎచ్చట జరుగవలెను? విమానముల విడియంత్రముల మరమ్మతులో అధికభాగము చిరకాలముగా విదేశములకు పోవుచున్నది. ఇందుకు మన పన్నులే కొంత కారణము. ఇచ్చట బాగుచేయించినచో పూర్వము 18 శాతము పన్ను ఉండెడిది. ఈ అవకతవకను 2020 ఏప్రిలున 5 శాతమునకు తగ్గించి కొంత సవరించిరి. 2024 జూలై 15 నుండి దిగుమతియగు విడిభాగములకును, పరీక్షా యంత్రములకును, పనిముట్లకును ఏకరీతిని 5 శాతమే యని నిర్ణయించిరి. ప్రభుత్వమువారి నీ విషయమున అభినందింపవలెను. కాని పన్ను తగ్గినంత మాత్రమున రేడియో బాగుకాదు. దానిని విప్పి సరిచేయు విధానము తెలుపు గ్రంథమును, పరీక్షించు యంత్రమును, అందలి సాఫ్ట్‌వేరును తయారుచేసిన కంపెనీలు తమకు ఇష్టమైన వారికే ఇచ్చుట పరిపాటి. సొమ్ము మనది, విమానము మనది, తాళపుచెవి మాత్రము పరాయివాని మొలలో! పూర్వము పత్తి ఇచ్చటినుండి పోయి గుడ్డయై తిరిగివచ్చెడిది. ఇప్పుడు మూగపెట్టె పోయి మాటలాడు పెట్టెగా తిరిగివచ్చుచున్నది.

మనకు చేతగాదను మాట చెల్లదు. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారి విమాన ఎలక్ట్రానిక్సు విభాగము 1965 నుండి హైదరాబాదు బాలానగరున రేడియోలను, దిక్సూచక యంత్రములను చేయుచున్నది. యుద్ధవిమానమునకు రేడియో చేయగల చేతులకు ప్రయాణికుల విమానమునందలి రేడియో బాగుచేయుట అసాధ్యమా? శంషాబాదున విమానముల దేహమును బాగుచేయు కర్మాగారము కలదు. 2025 నవంబరున అచ్చటనే ఫ్రెంచి కంపెనీవారి ఇంజనుల మరమ్మతుశాల ప్రారంభమైనది. దేహమునకు వైద్యుడున్నాడు, గుండెకు వైద్యుడు వచ్చినాడు. చెవికి, నోటికి వైద్యుని పిలుచుట ఒక్కటే మిగిలినది.

గగన్ సంగతియు నిచ్చట చెప్పవలసియున్నది. ఉపగ్రహ సంకేతములకు మెరుగుపెట్టు ఆ ఏర్పాటును మన దేశమున నెలకొల్పిరి. 2015 ఏప్రిలున విమానములు దిగుటకు సైతము అది యోగ్యమని ధ్రువపరుపబడినది. 2019 జనవరి మొదలు దేశమున నమోదగు విమానములన్నిటికి దానిని అందుకొను రేడియో ఉండవలెనని 2016 నాటి విధానపత్రము చెప్పెను. గడువు వాయిదా పడినది. ఇండిగో వారి ఏటీఆర్ విమానము ఆ సహాయమున కిషన్‌గఢున దిగుట 2022 ఏప్రిలున గాని జరుగలేదు. ఆకాశమున దీపము పెట్టి ఏడేండ్లు కండ్లద్దములు కొనకుండుట ఎట్టి పొదుపో మాకు బోధపడకున్నది. గగన్ సైతము ఉపగ్రహముపై ఆధారపడినదే గనుక, మాయసంకేతముల నుండి అదియొక్కటే రక్షింపజాలదు. క్రొత్తది అమర్చుచు పాతదానిని సరిచూచుకొనుచుండవలెను.

2023లో ఎయిరిండియావారు 470, ఇండిగోవారు 500 విమానములకు ఆర్డరు నిచ్చిరి. ఇంతటి బేరము చేయువాని మాటను అమ్మువాడు వినకుండునా? రేడియోల మరమ్మతు గ్రంథములు, పరీక్షాయంత్రములు, ఇచ్చటి పనివారికి శిక్షణ ఒప్పందములో చేర్చుడని కంపెనీలు అడుగవలెను. అడుగనిచో పౌరవిమానయాన శాఖవారు అడిగింపవలెను. బాలానగరు విభాగమునకు పౌరవిమానముల పని చేయుటకు అనుమతియు, పెట్టుబడియు ఇచ్చుటకు ఢిల్లీలో నొక సంతకము చాలును. చిన్న విమానముల పాఠశాలలకు ప్రాంతమున కొక్కటి చొప్పున ఉమ్మడి మరమ్మతు బల్లను, మారురేడియోలను ఏర్పరచుటకు పెద్ద ధనము కానక్కరలేదు. మొదటిది మన తెలుగునాట నెలకొల్పుటకు ఉభయరాష్ట్ర ప్రభుత్వములును ముందుకు వచ్చునని ఆశించుచున్నాము.