గ్రంథసూచిలో అవ్వకు చోటు లేదట



పోయిన వారం ఒక పరిశోధన పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. నాట్ల పాటల మీద నేను పంపిన వ్యాసం వేసుకుంటారట, కానీ రెండు మార్పులు చెయ్యాలట. ఒకటి, ఆధారాలన్నీ ఏపీఏ పద్ధతిలోకి మార్చాలి. రెండు, గ్రంథసూచిలో నేను రాసిన ఒక పేరు తీసెయ్యాలి. ఆ పేరు మా వాడలో ఒక అవ్వది. వ్యాసంలో పదకొండు పాటలుంటే తొమ్మిది ఆమె పాడినవే. ఆమె సమాచారదాత మాత్రమేనట, రచయిత కాదట, వివరాలు అనుబంధంలో ఇస్తే చాలట.

మొదటి మార్పు ఒక రాత్రిలో అయిపోయింది. రెండోది వారం నుంచి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నేను చదివిన తెలుగు జానపద సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటి చివరి పేజీలు ఇలాగే ఉంటాయి. "ఉపయుక్త గ్రంథసూచి"లో ప్రొఫెసర్లు, సేకర్తలు, సంపాదకులు. అదయ్యాక అనుబంధంలో ఒక పట్టిక: పేరు, వయసు, కులం, ఊరు. పాట పుట్టించిన మనిషి అక్కడుంటుంది, పాటను కాగితం మీద ఎక్కించినాయన ఇక్కడుంటాడు. గ్రంథసూచి ఊరైతే అనుబంధం వాడ. ఊరికీ వాడకీ మధ్య గీత పుస్తకంలో కూడా గీశాం, గీసినట్టు తెలియకుండానే.

గోపాల్ గురు 2002లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చెప్పేది ఒక కులం, సమాచారం మోసేది ఇంకో కులం అన్నది అందులో ఆయన చూపించిన నిజం. దానికి రుజువు కావాలంటే దూరం పోనక్కర్లేదు, మన థీసిస్‌ల చివరి పేజీలు తిరగేస్తే చాలు.

పత్రికవాళ్ల వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వాళ్లు నియమం కల్పించలేదు. ఏపీఏ ఏడో కూర్పు (2019) ప్రకారం ఎక్కడా నమోదు కాని మాటలను, ఇంటర్వ్యూలను వ్యక్తిగత సంభాషణగా లెక్కిస్తారు. వ్యాసం లోపల పేరు, తేదీ ఇవ్వాలి, చివరి జాబితాలో ఇవ్వకూడదు. దీనికి కారణం కూడా సబబే. ఆ జాబితా పాఠకుడు తనంతట తాను వెతుక్కుని సరిచూసుకోగల ఆధారాల కోసం.

కానీ ఇదే నియమం మీద కెనడాలో పేచీ వచ్చింది. లోరీసియా మెక్లౌడ్ అనే క్రీ ఆదివాసీ లైబ్రేరియన్, తమ పెద్దల నోటిమాటను పుస్తకంతో సమానంగా జాబితాలో చూపడానికి ఏపీఏకీ ఎంఎల్ఏకీ సరిపడే నమూనాలు తయారుచేశారు. పేరు, ఏ జాతి, ఎక్కడుంటారు, ఏ విషయం చెప్పారు, ఏ తేదీన. అంతే. దాని గురించి 2021లో ఆమె వ్యాసం అచ్చయింది. అంటే ఫార్మాట్ దేవుడు రాసింది కాదు. మనుషులు రాశారు, మనుషులు మారుస్తున్నారు.

మన పేర్ల సంగతి ఇంకో కథ. ఇంటిపేరు వెనక ఉండే దేశాల్లో తయారైన పద్ధతులివి. మనకు ఇంటిపేరు ముందుంటుంది. నియమం తు.చ. తప్పకుండా పాటించిన మా విద్యార్థి ఒకతను "గుర్రం (1941) ప్రకారం" అని రాసుకొచ్చాడు. గబ్బిలం రాసింది గుర్రమా అని క్లాసంతా నవ్వింది. కుసుమ ధర్మన్న కాస్తా "కుసుమ (1921)" అయితే కొత్త పాఠకుడు ఎవరో రచయిత్రి అనుకుంటాడు. కలేకూరి ప్రసాద్ "యువక" పేరుతోనూ రాశారు. రెండు పేర్లకూ ముడి వెయ్యకపోతే జాబితాలో ఆయన ఇద్దరవుతాడు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది భాగ్యరెడ్డి వర్మ గారి పేరు. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి. వర్మ అన్నది ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. సాఫ్ట్‌వేర్ దాన్నే ఇంటిపేరు అనుకుని "వర్మ, బి. ఆర్." అని దింపుతుంది. చదివేవాళ్లకు ఈ వర్మ ఎవరో తెలుస్తుందా? మాదరి ఎటు పోయింది, ఆదిహిందూ ఉద్యమం ఎటు పోయింది?

ఇదంతా విని మన పిల్లలు "అయితే ఫార్మాట్ వద్దు సార్" అంటే మాత్రం ఒప్పుకోను. బాబాసాహెబ్ "శూద్రులెవరు?" (1946) తీసి చూడండి. శాంతిపర్వంలో పైజవనుడి ప్రస్తావన పట్టుకుని, వ్రాతప్రతుల్లో పాఠభేదాలు కూడా చూపించి వాదించారు. వాళ్ల గ్రంథం, వాళ్ల శ్లోకం, ఆయన తీర్మానం. ఆధారం లేని మాట అనే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. మనం రాసిన దాంట్లో కామా తప్పయితే "వీళ్లకు రాయడం రాదు" అంటారు. అదే తప్పు వేరేవాళ్లు చేస్తే అచ్చుతప్పు అంటారు. అందుకని ముందు పద్ధతిని వాళ్లకంటే బాగా నేర్చుకోవాలి. ఆ తర్వాత ప్రశ్నించాలి.

పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నాకు తెలిసిన కిటుకులు చెప్తాను. జొటేరోలో పేరు పెట్టే చోట రెండు గళ్లకు బదులు ఒకే గడి ఎంచుకోండి, పేరు మీరు రాసినట్టే ఉంటుంది. ఒక రచయిత పేరును వ్యాసమంతా ఒకే రకంగా రాయండి. ఇంగ్లిషు లిపిలో జాషువాను మూడు రకాలుగా రాస్తే మూడు మనుషులవుతాయి. ఉద్యమ కరపత్రాల మీద చాలాసార్లు తేదీ, ప్రెస్సు ఉండవు. వదిలెయ్యకండి. "తేదీ లేదు" అని రాసి, లోపలి సంఘటనలను బట్టి తేలిన సంవత్సరాన్ని "సుమారు" అని చేర్చండి. అన్నిటికంటే ముందు, పాడిన మనిషిని అడగండి: పేరు వెయ్యమంటారా, వద్దంటారా, ఎలా వెయ్యమంటారు?

అవ్వ పేరు ఈ పోస్టులో లేదని గమనించే ఉంటారు. వ్యాసానికి ఒప్పుకుంది గానీ ఫేస్‌బుక్ గురించి నేను ఆమెను అడగలేదు. అందుకే రాయలేదు.

ఇక నేను చేసింది ఇది. అవ్వ పాటలు నా ఫోన్‌లో రికార్డయి ఉన్నాయి. ఆమె ఒప్పుకోలుతో ఆ ఆడియోను మా కాలేజీ లైబ్రరీకి ఇచ్చి నంబరు వేయించాను. ఇప్పుడది ఎవరైనా వచ్చి వినగల ఆధారం. అంటే వాళ్ల నియమం ప్రకారమే ఆమె పేరు జాబితాలోకి రావచ్చు. పాడినవారు అని ఆమె పేరు, రికార్డు చేసినవారు అని నా పేరు. అలాగే రాసి మెయిల్ పంపాను. ఒప్పుకోకపోతే వ్యాసం వెనక్కి తీసుకుంటానని కూడా రాశాను. ప్రమోషన్‌కు ఆ వ్యాసం అవసరమని నాకు తెలుసు.

మొన్న ఆదివారం ఇంటికి పోయినప్పుడు ఆమెకు ఇదంతా చెప్పాను. మొత్తం విని ఒకే ఒక్కటి అడిగింది.

"నా పేరు ముందల రాస్తవా బిడ్డా, ఎన్క రాస్తవా?"

పత్రిక నుంచి జవాబు రాగానే ఇక్కడే చెప్తాను.

జై భీమ్.