కలుపు కాదు, కూర!

తొలకరి పడగానే చేన్లలో మొలిచే గంగవాయిలి కూరకు ఎవరూ విత్తనం కొనరు. దొగ్గలి కూరకు ఎవరూ ఎరువు వేయరు. జొన్నచెంచలికి ఎవరూ నీళ్లు పారించరు. కలుపు తీయబోయిన కూలి తల్లి కొంగులో నింపుకొచ్చిన ఆకే ఆ పూట ఇంటిల్లిపాదికీ కూర. గుంట భూమి లేనోళ్లకు కూడా దక్కిన పంట ఇది. అందుకే ఇది రుచుల ముచ్చట కాదు, పేదల హక్కు ముచ్చట.

మన యాసను వెక్కిరించిన నోళ్లే మన తిండినీ వెక్కిరించాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాకే తెలంగాణోళ్లకు అన్నం తెలిసిందన్న మాట ఎన్నిసార్లు వినలేదు? ‘మా చెరువుల కింద వరి ఎప్పుడో ఉంది’ అని మనమూ దీటుగా బదులిచ్చాం. కానీ అసలు జవాబు చెప్పడం మరిచిపోయాం. జొన్నరొట్టె, తైద అంబలి, కొర్ర బువ్వ తినడం సిగ్గుపడే సంగతే కాదు. 100 గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాములు దాటదు. వెక్కిరించాల్సింది ఎవరిని?

2014లో రాష్ట్రం సాధించుకున్నాం. అదే ఏడాది బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసుకున్నాం. కానీ బతుకమ్మలో పేర్చే గునుగు లేతగా ఉన్నప్పుడు కూరాకేనని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పత్తి చేన్ల మీద గడ్డిమందు కొడుతుంటే గునుగు మాడిపోతోంది. వినాయక చవితికి వండుకునే తుమ్మికూరదీ అదే గతి. ఒకవేళ మిగిలినా, మందు పడ్డ ఆకును తెంపి పిల్లలకు ఎట్లా పెడతాం? ఒకనాడు ఒడ్డు మీద తెంపుకున్న గునుగు పువ్వును ఇయ్యాల పట్నంలో పైసలిచ్చి కొంటున్నాం.

తొవ్వ లేదా అంటే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఒకే చేనులో పలు పంటలు కలిపి వేస్తున్నారు. విత్తనం ఇంట్లోనే దాచుకుంటున్నారు. ఏటా పాత పంటల జాతర జరుపుతున్నారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. ప్రపంచం గుర్తించిన విద్యను మన ప్రభుత్వాలు పథకంగా మార్చడానికి అడ్డమేమిటి?

2015 నుంచి హాస్టళ్లలో, 2025 నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. మేం తప్పు పట్టడం లేదు. ఆ సన్నబియ్యం పక్కన జొన్న, తైదలకూ చోటు కావాలంటున్నాం. హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో వారానికి రెండు పూటలైనా రొట్టె, ఆకుకూర పెట్టాలి. ఆ ధాన్యాన్ని మెట్ట రైతుల దగ్గర గిట్టుబాటు ధరకు కొనాలి. గడ్డిమందుల అమ్మకాలపై గట్టి నిఘా పెట్టాలి. చేన్ల కూరలను బడి పాఠాల్లో చేర్చాలి.

విద్యార్థులు హాస్టల్ మెనూ కోసం అడగాలి. ఉద్యోగులు తమ క్యాంటీన్ల నుంచే మొదలుపెట్టాలి. రాష్ట్రం కోసం 2011లో నడిరోడ్ల మీద పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేసిన జనం మనం. ఆ పొయ్యి మీద ఇప్పుడు మన కూర ఉడకాలి. కలుపు అని పీకేసే ముందు, అది మన అవ్వ వండిన కూరేమో ఒక్కసారి చూసుకోవాలి.